చూడకుండా పెట్టిన టిక్కులు

నెలలో రెండో మంగళవారం నర్సు పెసమీనో ఊరి ఆడవాళ్ళ కమిటీ ఇంట్లో కళ్ళు చూసేవాడు. గోడల్లేని ఇల్లు అది. చుట్టూ స్తంభాలు, పైన రేకులు, స్తంభాల మధ్య కొబ్బరాకు తడికెలు. తడికెలు దింపితే పట్టపగలే చీకటి, ఎత్తితే సముద్రం మీది వెలుగంతా లోపలికే. కళ్ళు చూసేవాడికి ఇంతకన్నా మంచి ఆసుపత్రి సవాయి దీవి మొత్తంలో లేదనేవాడు. వరసగా రెండేళ్ళు వచ్చిన పెద్ద తుఫానులు ఊళ్ళో సగం కప్పులు ఎగరేసుకుపోయినా, ఆ ఇల్లు మాత్రం చెక్కు చెదరలేదు.

కంటిని బయటినుంచి చూడటం ఏమంత పని కాదు. లోపల చూడటమే పని. దానికి పెసమీనో దగ్గర పిడికిట్లో ఇమిడే దీపం ఒకటుంది, దీపం తలలో చిన్న చిల్లు. ఆ చిల్లుకి తన కన్ను ఆనించి, అవతలి మనిషి కంటికి రెండు వేళ్ళ దూరం దాకా వెళ్ళాలి. చెంపకి చెంప తగిలీ తగలనట్టుంటుంది. ఒకరి ఊపిరి ఒకరికి తగుల్తుంది. ఎదుటివాళ్ళు పొద్దున చేపలు తిన్నారో, సీమపనస కాల్చుకు తిన్నారో అడక్కుండానే తెలిసిపోతుంది.

"కదలకత్తా. నా చెవి వెనకున్న స్తంభాన్ని చూడు."

"స్తంభాన్నే చూస్తున్నాన్రా," అంది మతీలె. కమిటీకి పెద్ద ఆవిడే, పెసమీనోకి మేనత్తా ఆవిడే. "మీ మావయ్య బతికుండగా కూడా ఇంత దగ్గరికొచ్చిన పాపాన పోలేదు."

వరసలో కూర్చున్న ఆడవాళ్ళు విసనకర్రలు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"నవ్వితే కన్ను కదుల్తుందత్తా."

"కదల్నీ. ఈ వయసులో నాకు నెప్పి లేకుండా కదిలేవి అవే."

కంట్లో మందు చుక్క వేశాక పాప విచ్చుకోవడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటా పెసమీనో ఊరికే కూర్చోడు.

"కన్నంటే ఈ ఇల్లే అనుకోండి. ముందున్న గాజుపొర వాకిలి. దాని వెనక రంగుపొర, అది మన తడికె. వెలుగెక్కువైతే మూసుకుంటుంది, తగ్గితే తెరుచుకుంటుంది. దాని నడుమ కంత ఉంది చూశారా, అదే కంటిపాప. నల్లగా కనిపిస్తుంది గానీ అక్కడ వస్తువంటూ ఏమీ లేదు, వట్టి కంత. ఆ వెనక పప్పుబద్దంత అద్దం. దాని వెనక జిగురు నీళ్ళు. అన్నిటికీ వెనక, గోడకి పరిచినట్టు ఒక చాప. మీ సన్నచాపలకన్నా వెయ్యి రెట్లు సన్నం. బొమ్మ పడేది దాని మీద."

"నేసినావిడెవరో చెప్పు, కమిటీలో చేర్చుకుంటాం," అంది మతీలె.

"షుగరున్నవాళ్ళకి ఆ చాపలో నెత్తురు కాలవలు కారతాయి. నెప్పుండదు, దురదుండదు. తర్వాత పనికిమాలిన కొత్త కాలవలు మొలుస్తాయి. అవి పగిలిన రోజున ఇల్లంతా నెత్తురే. ఇంక తడికె ఎత్తినా ఒకటే, దించినా ఒకటే. అందుకే షుగరున్నవాళ్ళకి ఏడాదికోసారి వెనక గోడ చూసి తీరాలి. ముందుగా కనిపెడితే పట్నం డాక్టర్లు వెలుగుతో కాల్చి ఆపుతారు."

కాల్చే మిషను ఆపియా పట్నంలో ఏడాది పొడుగునా ఉండేది కాదు. ఏడాదికి ఒక్కసారి పైదేశపు డాక్టర్లు తెచ్చుకునేవాళ్ళు, పది రోజులుండి పట్టుకుపోయేవాళ్ళు. ఎవర్ని ముందు పంపాలన్నది ఊళ్ళలో తిరిగే నర్సుల రిజిస్టర్లు చూసి తేల్చేవాళ్ళు.

మతీలె లేచాక సినపాతి వంతు వచ్చింది.

ఇంట్లో నవ్వులు ఆగిపోయాయి. ఒకావిడ విసనకర్ర పీచు సవరించుకుంది, ఇంకొకావిడ సముద్రం వైపు తిరిగింది. సినపాతి పెసమీనోకి సొంత అక్క, రెండేళ్ళు పెద్ద. భర్త పోయాక పుట్టిన ఊరికే వచ్చి మేనత్తతో ఉంటోంది. షుగరు ఉందని తెలిసి మూడేళ్ళు.

పెసమీనో చేతిలోని దీపాన్ని ఆర్పి డబ్బాలో పెట్టాడు.

"అత్తా, అక్కని ఆ చివరి స్తంభం దగ్గర నిలబడమను. కార్డు చదివితే చాలు."

కార్డు మీద మూడు పళ్ళ దువ్వెనలాంటి గుర్తులుంటాయి. పైన పెద్దవి, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. పళ్ళు ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపించాలి. సినపాతి చూపించింది. కుడి, కింద, ఎడమ, పైకి. ఎక్కడా తడబడలేదు. అడుగు వరస కూడా పూర్తిచేసి చెయ్యి దించుకుంది.

పెసమీనో రిజిస్టరు తెరిచాడు. 'దూరపు చూపు' అన్న గడిలో 'బాగుంది' అని రాశాడు. పక్క గడి 'లోపలి గోడ'. పెన్ను అక్కడ ఒక్క క్షణం ఆగింది. ఆ గడి ఖాళీగా ఉంటే పైవాళ్ళు ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. సొంత అక్క ముఖంలో ముఖం పెట్టలేక వదిలేశానని ఆఫీసులో కూర్చున్నవాడికి ఏం చెప్తాం? టిక్కు పెట్టాడు.

అది మూడో ఏడు. మూడో టిక్కు.

*

చిన్నప్పుడు ఇలా ఉండేది కాదు. పెసమీనోకి ఏడేళ్ళప్పుడు అక్కాతమ్ముళ్ళిద్దరికీ ఒకేసారి తట్టు పోసింది. కళ్ళకి వెలుగు తగలకూడదని తడికెలన్నీ దింపి ఇద్దర్నీ ఒకే చాప మీద పడుకోబెట్టారు. మూడో రోజు మధ్యాహ్నం సినపాతి అతని మోచెయ్యి గిల్లింది.

"ఒరేయ్, అటు చూడు. కొబ్బరిచెట్టు తలకిందులైంది."

తడికెలో ఎక్కడో చిక్కుడు గింజంత కంత ఉంది. దాన్లోంచి వచ్చిన వెలుగు ఎదురుగా కట్టిన తెల్ల దుప్పటి మీద పడింది. దుప్పటి మీద వాకిట్లో కొబ్బరిచెట్టు, వేళ్ళు పైకి, మట్ట కిందికి. కాసేపటికి చేమదుంపల కావడి మోసుకుంటూ చిన్నాన్న తలకిందులుగా నడిచి వెళ్ళాడు. ఇద్దరూ నవ్వి నవ్వి, తట్టు పొక్కులు మండితే ఏడ్చి, మళ్ళీ నవ్వారు.

తర్వాతెప్పుడో నర్సు చదువులో, కంటి వెనక తెర మీద బొమ్మ తలకిందులుగానే పడుతుందనీ, మెదడే దాన్ని తిరగేసుకుంటుందనీ మాస్టారు చెప్తే క్లాసంతా నోళ్ళు తెరిచారు. పెసమీనో ఒక్కడే తెరవలేదు. అతని పాఠం ఎప్పుడో అయిపోయింది, చెప్పింది అక్క.

తట్టు తగ్గిన ఏడాదికి మతీలె అత్త అతని దిండు తీసి చేతికిచ్చింది. "ఇవాళ్టినుంచి నీ పడక మగపిల్లల ఇంట్లో. అక్క పక్కన కూర్చోవద్దు. అక్కతో ఎకసెక్కాలొద్దు. ముఖంలోకి చూసి మాట్లాడొద్దు. అక్క నీ కంటిపాపరా. కంటిపాపనెవడన్నా ముట్టుకుంటాడా?"

ఆ మాట అందరి ఇళ్ళలో అందరు అత్తలూ చెప్పేదే. పెసమీనో దాన్ని అక్షరాలా పాటించాడు. అక్కకి చేపల్లో మంచి చేప పంపాడు, తుఫానుకి కప్పు పోతే తన ఇంటి కన్నా ముందు ఆమె ఇల్లు కప్పించాడు, బావ పోయినప్పుడు ఖర్చంతా నెత్తినేసుకున్నాడు. ముఖంలోకి మాత్రం చూడలేదు. పక్క దీవుల వాళ్ళ కళ్ళు కూడా చూశాడు. పడవవాళ్ళవి, పాదిరి గారివి, పాదిరి గారి అత్తగారివి. అందరి కంటిపాపల్లోంచీ దూరి వెనక గోడ దాకా వెళ్ళొచ్చాడు.

ఆ మంగళవారం సాయంత్రం సామాను సర్దుతుంటే మతీలె పక్కకి వచ్చింది.

"మరి దాని వెనక గోడ ఎవరు చూస్తార్రా?"

"ఆపియా నుంచి ఆడ నర్సు ఒకావిడ వస్తానంది అత్తా. ఆవిడ చేత చూపిద్దాం."

"పోయినేడాది కూడా అదే అన్నావు."

"వస్తుందిలే. కార్డు చివరిదాకా చదివిందిగా, చూపుకేం?"

మతీలె ఏదో అనబోయి మానుకుంది. ఆవిడ మాట మింగటం పెసమీనో అదే మొదటిసారి చూడటం. చూసి కూడా పట్టించుకోలేదు. బస్సు వేళయింది.

*

ఆ ఏడాది చివర్లో పెసమీనోని ఇంటి పెద్దని చేసి, తరతరాల పెద్దరికపు పేరు ఇచ్చారు. ఆ రోజున సోదరి ఇచ్చే సన్నచాపే తమ్ముడికి అసలైన గౌరవం. మొగలాకుని ఉడకబెట్టి, సముద్రంలో నానబెట్టి, ఎండబెట్టి, గోటితో దారంలా చీల్చి నేసే చాప అది. మంచి చాపని మడిస్తే పట్టుచీరలా మడత పడుతుంది. సినపాతి ఆ చాప రెండేళ్ళు నేసింది.

చాప విప్పి వాకిట్లోకి తెస్తుంటే ఊరంతా కేకలు పెట్టి మెచ్చుకుంది. అక్క ఒక కొసా, మతీలె అత్త ఒక కొసా పట్టుకున్నారు. అత్త రెండో చెయ్యి అక్క మోచేతి కింద ఉంది. ముసలావిడకి ఎంత ఆసరాగా ఉందో మేనకోడలు అని అందరూ అనుకున్నారు. పెసమీనో తన స్తంభానికి ఆనుకుని, మర్యాదగా కళ్ళు దించుకుని, చాపకి కట్టిన ఎర్ర ఈకల అంచు మాత్రమే చూశాడు. తర్వాత చాప మడిచి పెట్టెలో పెట్టారు.

మూడు నెలలకి అతని భార్య లూపె పెట్టెలోని చాపలన్నీ తీసి ఎండలో పరిచింది. పెసమీనో అరుగు మీద కూర్చుని కోకో తాగుతున్నాడు.

"ఏమండీ, ఈ చాప అంతా మీ అక్కే నేసిందా?"

"ఇంకెవరు నేస్తారు?"

"ఏం లేదు. ఈ కొస చూస్తే దేవతలు నేసినట్టుంది. ఆ కొస చూస్తే మన చిన్నది నేసినట్టుంది."

"నోరు మూసుకో," అని లేచి వచ్చాడు. కానీ వంగి చూశాడు.

మొదలుపెట్టిన కొసలో పీచు వెంట్రుకలా ఉంది. ఒక జానెడు తర్వాత దారంలా అయింది. సగానికి వచ్చేసరికి అగ్గిపుల్లలో సగం. ముగింపు దగ్గర ఒకదాని కింద పోవలసిన పీచు రెండింటి కింద పోయింది. మళ్ళీ సర్దుకుంది. మళ్ళీ తప్పింది. చివరి జానెడులో తప్పులు లెక్కపెట్టడం అనవసరం. అక్కడక్కడ పీచు మీద గోళ్ళ నొక్కులున్నాయి, వేలితో తడిమి తోవ వెతుక్కున్న గుర్తులు.

పెసమీనో ఆ చాప పక్కన ఎండలో కూలబడ్డాడు. ఇరవై ఏళ్ళుగా జనం చేత కార్డు చదివిస్తున్నాడు, పెద్ద గుర్తుల నుంచి చిన్న గుర్తులకి. ఈ చాప చిన్న గుర్తుల నుంచి పెద్ద గుర్తులకి రాసిన కార్డు. రెండేళ్ళపాటు ఏ నెలలో ఎంత చూపు పోయిందో అక్క నేసి పెట్టింది. దాన్ని ఊరంతా ఊరేగించి తన పెట్టెలోనే దాచారు.

"ఏమండీ, ఏమైంది?"

"నా డబ్బా ఇవ్వు," అన్నాడు. "మందు చుక్కల సీసా కూడా."

*

అత్త ఇంట్లో సినపాతి స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. మతీలె పక్కనే బీడీ చుట్టుకుంటోంది. అలవాటు ప్రకారం పెసమీనో దూరంగా కూర్చుని, ముఖం పక్కకి తిప్పి, అత్తతో అన్నాడు.

"అత్తా, అక్కకి చూపు ఎప్పటినుంచి తగ్గిందో అడుగు."

"అడగడమెందుకురా, నాకు తెలుసు. కుడి కన్ను పోయి ఆర్నెల్లు. ఎడమది మసక."

"తెలిసి చెప్పలేదా?"

"ఒట్టేయించుకుంది. చాప అయ్యేదాకా నోరెత్తొద్దంది. చెబితే చాప వేరేవాళ్ళ చేతికి పోతుందంది. అయ్యాకేమో నీకిచ్చిన చాపకి మాటొస్తుందంది. ఆ మాటకి నేనూ సరే అన్నాను, నా బుద్ధి గడ్డి తిని."

"మరి కార్డు? కార్డు మొత్తం చదివిందే?"

సినపాతి నవ్వింది. "అత్తా, ఆ కార్డు మేకుకి తగిలించేదీ తీసేదీ ఎవరో అడుగు వాణ్ణి. పన్నెండేళ్ళుగా నెలనెలా తగిలిస్తున్నాను. ఊళ్ళో అందరూ చదువుతుంటే విన్నాను. బైబిల్లో ఒక్క పేజీ అంత బాగా వచ్చుంటే పాదిరినయ్యేదాన్ని."

"ఎందుకలా చేసిందో అడుగత్తా."

ఈసారి సినపాతి అత్తకి చెప్పలేదు. అతను కూర్చున్న వైపుకి, కొంచెం పక్కకి, తిరిగి చెప్పింది.

"నేను కార్డు తప్పితే నువ్వు చూడాలి కదరా. అంతమందిలో ఏం చేస్తావు? చూస్తే ఊరు నవ్వుద్ది, చూడకపోతే నీ ఉద్యోగం నవ్వుద్ది. నా వంతు వచ్చినప్పుడల్లా ఆ దీపం డబ్బాలో పెట్టేసే చప్పుడు వినేదాన్ని. టక్కుమని. వినగానే, పోన్లే పాపం అనిపించేది."

పెసమీనో మోకాళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళి అక్క ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కా, చూడనివ్వు."

మతీలె చేతిలో బీడీ కింద పెట్టింది. ఎవరూ చెప్పకుండానే లేచి, ఒక్కొక్క తడికె దింపుకుంటూ ఇల్లంతా తిరిగింది. లోపల చీకటయింది. వెళ్ళి వాకిట్లో, ఇంటికి వీపు పెట్టి కూర్చుంది.

చుక్కలు వేసి అరగంట ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. తర్వాత దీపం వెలిగించి చెంప దగ్గరికి చెంప తెచ్చాడు. అక్క ఊపిరిలో కోకో వాసన. తట్టు పోసిన రోజుల తర్వాత అంత దగ్గర అదే.

మంచి కంట్లోకి వెలుగు వేస్తే పాప నిప్పుకణికలా ఎర్రగా మెరుస్తుంది. దాన్లోంచి ముందుకి వెళ్తే ఎర్రమట్టి నేల, పచ్చటి చందమామలా నరం మొదలు, దాన్నుంచి కొమ్మలు కొమ్మలుగా నాళాలు. కుడి కంట్లో పాప మెరవలేదు. వెలుగు వెళ్ళింది, తిరిగి రాలేదు. బావిలో రాయి వేసి చప్పుడు కోసం ఎదురుచూసినట్టు చూశాడు. ఎడమ కంట్లో నేల ఇంకా కొంత కనిపించింది. అంచులంతా నెత్తురు మరకలు, చందమామ మీద దారప్పోగుల్లా కొత్త నాళాలు. రెండేళ్ళ కింద అయితే మిషనుతో పది నిమిషాల పని. మొదటి టిక్కు నాడు అయితే అదీ అక్కర్లేకపోయేదేమో.

"ఏం కనిపించిందిరా?"

"కుడి కంట్లో ఏమీ కనిపించలేదక్కా."

"నాక్కూడా అంతే," అంది సినపాతి.

అతను దీపం ఆర్పలేదు. చేతిలో వెలుగుతూనే ఉంది, కప్పు మీద ఒక గుండ్రటి వెలుగు పడుతోంది.

*

మర్నాడు పొద్దుటి పడవలో ఆపియా తీసుకువెళ్ళాడు. మిషను డాక్టర్లు వెళ్ళిపోయి మూడు వారాలయింది. ఆసుపత్రిలో గుమాస్తా వాళ్ళ జాబితా తీసి చూపించాడు. పెసమీనో రిజిస్టరు నుంచి ఎక్కించిన పేర్లు తొమ్మిదున్నాయి, తొమ్మిదిమందికీ పని జరిగింది. సినపాతి పేరుకి ఎదురుగా మూడేళ్ళకీ మూడు టిక్కులుండటంతో పేరు ఎక్కించలేదు. గుమాస్తా తప్పేమీ లేదు. పెసమీనో అక్కడే పెన్ను అడిగి, రిజిస్టరులో మూడు టిక్కులూ కొట్టేసి, ఒక్కొక్కదాని పక్కన 'చూడలేదు' అని రాసి సంతకం పెట్టాడు. పైవాళ్ళు పిలిచి చివాట్లు పెట్టారు, ఏడాది జీతం పెంపు ఆపారు. అంతకన్నా ఎక్కువ ఏదన్నా చేస్తే బాగుండునని అతనికి అనిపించింది.

డాక్టర్లు మళ్ళీ వచ్చేసరికి ఎడమ కంట్లోనూ నెత్తురు దిగింది. కాల్చగలిగినంత కాల్చారు. వెలుగుకీ నీడకీ తేడా మిగిలింది, అంతే.

పెసమీనో ఇప్పుడు ఏ కార్డునీ రెండు నెలలకన్నా ఎక్కువ వాడడు. షుగరున్న ఆడవాళ్ళని చూసే రోజున వరసకి అక్కలున్నా చెల్లెళ్ళున్నా ముందు తన దీపం బయటికి తీస్తాడు. ఎవరూ నవ్వడం లేదు. మతీలె అత్త కూడా స్తంభాన్ని చూస్తూ బుద్ధిగా కూర్చుంటుంది. ఆ కాలపు జోకులు మళ్ళీ వింటే బాగుండునని అతనికి ఉంటుంది గానీ, అడిగి వేయించుకునేవి కావు కదా.

ఆదివారం గుడి అయ్యాక, భోజనం వేళకి, చేపతల అరిటాకులో చుట్టించుకుని అక్క ఇంటికి వెళ్తాడు. సినపాతి నేల మీద పరిచే ముతక చాపలు నేస్తూ ఉంటుంది. వేలెడు వెడల్పు పీచు, వేళ్ళే కళ్ళు. అతను ఎదుటి స్తంభానికి ఆనుకుని కూర్చుని ఆమె ముఖంలోకి చూస్తాడు. ఎడమ కనుబొమ్మ మీద తట్టప్పుడు గోకుకున్న మచ్చ ఒకటుంది. నవ్వితే ఒక బుగ్గే సొట్ట పడుతుంది, కుడిది. ముక్కు అచ్చం నాన్నది. అరవై ఏళ్ళ దగ్గర పడ్డాక అతనికివన్నీ కొత్తగా తెలుస్తున్నాయి. ఆమెకి కనిపించదు కాబట్టే చూడగలుగుతున్నాడని అతనికి తెలుసు.

చేతిలో నేత ఆపకుండానే సినపాతి అంటుంది, "ఏంట్రా, మాట్లాడవు? ఎటు చూస్తున్నావు?"

"సముద్రం వైపక్కా," అంటాడు పెసమీనో. చప్పున కళ్ళు దించుకుంటాడు.